అవుట్ ఆర్డర్

11, సోమవారం

బావ తన వేళ్లు తనే తెగ్గోసుకున్నాడని రాశారు.

ఇంత పచ్చిగా రాయలేదు. ప్రమాదాల రిజిస్టర్‌లో ఉన్నది ఇది: "హెచ్చరిక బోర్డు ఉన్నప్పటికీ లెక్కచేయక యంత్రమును నడిపినందున ఎడమచేతి రెండు వేళ్లకు గాయమైనది. కారణం: సొంత నిర్లక్ష్యం." గాయమైనదట. చూపుడువేలు, మధ్యవేలు సగానికి లేవు. లేని వేళ్లకు గాయమేమిటి?

సూపర్‌వైజర్ ఆ పేజీ తెరిచి మా అందరికీ చదివి వినిపించాడు. మెడలో కొలత టేపు వేసుకుని తిరుగుతాడని షెడ్డంతా ఆయన్ని టేపు అంటాం. చదివాక పుస్తకం మూసి, "చూశారుగా, బోర్డు చూసుకుని పని చెయ్యండి" అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

పద్నాలుగేళ్లుగా అట్ట కోస్తున్న మనిషి. షీట్ల కట్ట అంచు మీద వేలు పెట్టి జర్రున లాగి, "నూట ఇరవై, ఒకటి తక్కువ" అనేవాడు. ఒకటి తక్కువే ఉండేది. ఆ వేలే ఇప్పుడు లేదు. అలాంటివాడికి నిర్లక్ష్యమట!

నిర్లక్ష్యం అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు ఇక్కడ పని పోతుంది. తర్వాత ఊళ్లో ఇంకే అట్టపెట్టెల షెడ్డుకెళ్లినా, "అక్కడ ఎందుకు తీసేశారు?" అని అడుగుతారు. ఈ ఒక్క మాటే జవాబు.

జరిగింది చాలా చిన్న సంగతి. గోడ పక్కనున్న పెద్ద కటింగ్ మిషన్‌కి ఒక కన్ను ఉంటుంది. చెయ్యి అడ్డం వస్తే ఆ కన్ను చూసి బ్లేడుని ఆపుతుంది. కన్ను పాడైంది. పాడైన సంగతి టేపుకి తెలుసు. కరెంటు తీయించలేదు, ఫ్యూజు పీకించలేదు. బావ జ్వరంతో రెండు రోజులు ఇంట్లో ఉండి, గురువారం పొద్దున పనికి వచ్చి, నేరుగా ఆ మిషన్ మీదికే వెళ్లాడు. పెడలు తొక్కాడు. అంతే.

బోర్డు ఉంది. ఉంటే ఉంది. దాని గురించి తర్వాత రాస్తాను.

12, మంగళవారం

కట్టు మార్పించడానికి అక్క తీసుకెళ్లింది. నేను వెళ్తానన్నాను. "నీ పని నువ్వు చూసుకో" అంది. నా వైపు చూడలేదు.

13, బుధవారం

అక్కాబావల ఇంట్లోనే నేనుండేది. ముందు గది నాది. మంచం కింద నా డిక్షనరీ ఉంటుంది. పాత కాగితాల మోపులో దొరికింది. అట్ట లేదు, 'ఏ' అక్షరం మొత్తం పోయింది, బి నుంచి మొదలవుతుంది. ఏడో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. ఆ పుస్తకంతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఏ తో మొదలయ్యే మాటలు ఈ రోజుకీ సరిగ్గా రావు.

ఇవాళ ఆర్డర్ అనే మాట తీశాను. పదకొండు అర్థాలున్నాయి. మొదటిది సరుకు కావాలని చెప్పడం. అది అందరికీ తెలుసు. మా షెడ్డు నడిచేదే దాని మీద.

పెద్ద ఆర్డర్, చిన్న ఆర్డర్. కొనేవాడు వద్దని వెనక్కి పంపితే చచ్చిన ఆర్డర్. ఏ మిషన్ మీద ఏ పెట్టెలు కొయ్యాలో రాసి దాని కొక్కేనికి తగిలించేది ఆర్డర్ కార్డు. ఈ రోజే లారీ ఎక్కాల్సిన సరుకైతే ఆ కార్డు మీద ఇంగ్లీషు అచ్చులో ఉన్న ఆర్డర్ అనే మాటకి పైన అవుట్ అని, అదీ ఇంగ్లీషులోనే, ఎర్ర స్కెచ్‌తో రాస్తాం. అది అవుట్ ఆర్డర్. అవుట్ ఆర్డర్ పడిందంటే చేతిలో ఉన్న పని వదిలేసి ముందు దాన్ని అందుకోవాలి. అడగడం, ఆలోచించడం ఏమీ ఉండవు.

టేపుకి ఈ మాట రెండో అర్థం ఇష్టం. "ఇది నా ఆర్డర్" అంటాడు. నాలుగోది కూడా ఇష్టమే. సామానంతా "ఆర్డర్‌లో ఉండాలి" అంటాడు. బళ్లో మమ్మల్ని ఎత్తు ఆర్డర్‌లో నిలబెట్టేవారు. నేనెప్పుడూ ముందు వరసే. టీ తెచ్చే ఆవిడ, "ఆర్డర్ చెప్పండి, నాకవతల పనుంది" అంటుంది. ఉన్నది ఒకటే టీ, దానికీ ఆర్డరే.

నిన్న బావ మంచం మీద పడుకుని అక్కతో అంటున్నాడు. "డాక్టరు మందులకి ఆర్డర్ రాశాడు. వాళ్లు నన్ను తీసెయ్యడానికి ఆర్డర్ రాస్తారట. మనకేం తక్కువే, ఇంటినిండా ఆర్డర్లే."

అక్క నవ్వలేదు. నేను ముందు గదిలో ఉండి నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

తొమ్మిదో అర్థం దగ్గర బోర్డు మీది ఆ మూడు మాటలున్నాయి. చదవకుండా మూసేశాను. చదవక్కర్లేదు. ఆ మాట నాకు రాదా ఏమిటి.

14, గురువారం

టేపు తన గదిలోకి పిలిచాడు.

"రా డిక్షనరీ, కూర్చో." షెడ్డులో నా పేరు ఇదే. కూర్చోమనడం మాత్రం ఇదే మొదటిసారి.

కాగితం ముందుకు తోశాడు. "ప్రమాదం జరిగిన సమయమున యంత్రంపై హెచ్చరిక బోర్డు వేలాడుచున్నది. నేను స్వయముగా చూచితిని."

"చదివావుగా. అబద్ధం ఏమన్నా రాశామా?"

"లేదు."

"బోర్డు ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేంటి? నీకు తెలిసిన ముక్కే. అక్షరాలు కూడా నీకు తెలిసినవే." నవ్వాడు. టేపుని వేళ్లకి చుట్టుకుంటూ అన్నాడు. "చూడు, బావ సంగతి బావది, నీ సంగతి నీది. వచ్చే నెల నుంచి కార్డులన్నీ నీకే అప్పజెబుదామని పెద్దాయనతో అన్నాను. టేబులు, కుర్చీ వేయిస్తా. బాగా రాస్తావు నువ్వు."

పెద్దాయనంటే ఓనరు.

సంతకం పెట్టాను.

15, శుక్రవారం

సంతకం పెట్టింది నిజం కిందే.

16, శనివారం

సంతకం పెట్టింది నిజం కిందే. బోర్డు ఉంది. అది పెట్టించింది టేపు. ఇంగ్లీషులో రాయమన్నది టేపు. చెప్పినవాడిదే తప్పు. ఇందులో ఇంకెవరి పేరూ రాయక్కర్లేదు.

17, ఆదివారం

అక్క బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్లింది. బావ చొక్కా గుండీ ఒంటి చేత్తో పెట్టుకోవాలని తంటాలు పడుతున్నాడు. మూడుసార్లు చూసి, లేచి వెళ్లి నేను పెట్టాను. రెండు వారాల్లో అంత దగ్గరగా నిలబడడం అదే.

"ఏరా బావమరిదీ, మాటలు వచ్చాయా?" అన్నాడు.

మా ఇద్దరికీ మాటల్లేవు. ప్రమాదానికి ముందు ఆదివారం నుంచే లేవు. షెడ్డులో కొన్ని కార్డులు రాసే పని నాకిచ్చినప్పటి నుంచి బావకి నేను ఎలా కొయ్యాలో చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఆదివారం కూడా ఏదో చెప్పబోతే, "షెడ్డులో వేసే ఆర్డర్లు చాలవా, ఇంట్లో కూడా నా మీద ఆర్డర్లా?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. నేను ముఖం మాడ్చుకుని లేచిపోయాను.

గుండీ పెడుతూ అడిగాను. "ఆ మిషన్ దగ్గరికి ఎందుకెళ్లావు?"

"ఎందుకెళ్తాను? పని చెయ్యడానికి."

"బోర్డు చూళ్లేదా?"

"చూడకేం. చూశాకే వెళ్లాను."

గుండీ తప్పు కాజాలో పెట్టాను.

"రెండు రోజులు ఇంట్లో పడుకున్నానా, ఏం జరుగుతుందో తెలీదు. రాగానే కొక్కేలన్నీ చూశాను. అన్నిటి మీదా మామూలు కార్డులు, దాని మీద మాత్రం ఇంత పెద్దది. అవుట్, ఆర్డర్. తెలుగు తప్ప రాకపోయినా, ఆ రెండు మాటలూ నేను చదవలేననుకున్నావా? పద్నాలుగేళ్లుగా చూస్తున్నా. ఏదో పెద్ద అవుట్ ఆర్డరే పడింది, నేను లేక ఆగిపోయింది అనుకున్నాను."

"మధ్యలో ఇంకో మాట ఉంది."

"ఏదో చిన్న ముక్క ఉంది. పువ్వులా గీశావుగా. అలంకారం అనుకున్నా."

గీశావు అన్నాడు.

"నేను రాశానని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నీ అక్షరం నాకు తెలీదా? ఆ చివరి అక్షరానికి తోక లాగుతావుగా, ఎలక తోకలా. దాన్ని చూశాకే ధైర్యంగా వెళ్లాను. టేపు రాస్తే ఒకటికి రెండుసార్లు అడుగుతాను. మనవాడు రాశాక ఇంకేం అడుగుతాం?"

అక్క మెట్లు దిగి వచ్చింది. బావ వెంటనే, "చూడవే, మీ తమ్ముడు నాకు గుండీలు పెడుతున్నాడు. పెళ్లిచూపులకి పంపేలా ఉన్నాడు" అన్నాడు.

"పంపించు. ఈ చేత్తో ఎవత్తొస్తుందో నేనూ చూస్తా" అంది అక్క. తర్వాత ఖాళీ బకెట్టు కింద పెట్టి, నేను తప్పు పెట్టిన గుండీ తీసి సరిచేసింది.

18, సోమవారం

ఆర్డర్ వచ్చింది. తొలగింపు ఆర్డర్. "సొంత నిర్లక్ష్యం రుజువైనందున" అని ఉంది. సాక్షి సంతకం జత చేశారట. శనివారం లోపు వచ్చి తన సామాను తీసుకుపోవాలట. బావ సామానంటే ఒక స్టీలు గ్లాసు, ఒక పాత చొక్కా, కత్తి నూరుకునే రాయి.

అక్క కాగితం నాకిచ్చి, "చదువు" అంది. చదివాను. "సాక్షి ఎవరు?" అంది.

చెప్పాను.

కొట్టలేదు, తిట్టలేదు. "చెప్పులు వేసుకుని బయటికి పో. కాసేపు నా కళ్ల ముందు ఉండకు" అంది. రెండు వీధులు తిరిగి వచ్చాను.

పదకొండో తారీకు నుంచి ఈ పుస్తకంలో రాసిందంతా మళ్లీ చదివాను. ఒక్కో పేజీ చదువుతుంటే నా ముఖం మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది. ఇప్పుడు సరిగ్గా రాస్తాను.

బోర్డు నేను రాశాను. ప్రమాదానికి ముందు మంగళవారం మధ్యాహ్నం, గమ్ము టేబులు మీద, ఎర్ర స్కెచ్‌తో రాశాను. అవుట్ ఆఫ్ ఆర్డర్, పాడైందని. అవుట్ పెద్దది, ఆర్డర్ పెద్దది, మధ్యలో ఆఫ్ చిన్నది, వంపులతో. అందంగా ఉండాలని.

ఇంగ్లీషులో రాయమని టేపు అన్నాడని శనివారం రాశాను. అనలేదు. ఆయన అన్నది ఇది: "రేపు కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారు, బోర్డు ఒకటి నీటుగా రాసి పెట్టు." నీటుగా అన్నాడంతే. ఇంగ్లీషు నాది. ఆ మాటలు నేను మొదటిసారి ఒక ఆసుపత్రి లిఫ్ట్ తలుపు మీద చూశాను. డిక్షనరీలో వెతికి పట్టుకున్నాను. లిఫ్ట్ ఆర్డర్‌లో లేకపోవడమేమిటో అర్థం కాక రెండు రోజులు తల పగలగొట్టుకున్నాను. నాకే రెండు రోజులు పట్టింది! అదే మాట, కొక్కేనికి ఏది తగిలిస్తే దాన్ని చూసి పెడలు తొక్కేవాళ్ల ముందు వేలాడదీశాను.

కొనేవాళ్లు వచ్చారు. అందులో ఒకాయన బోర్డు చూసి, "రాత బాగుంది" అన్నాడు. ఆ రోజంతా గాల్లో తేలాను.

ఇంకొకటి. మంగళ, బుధ రెండు రోజులూ బావ ఇంట్లోనే ఉన్నాడు. ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నాం. "పెద్ద మిషన్ కన్ను పోయింది, దాని జోలికి వెళ్లకు" అనడానికి ఎంతసేపు? అలక. మాట్లాడకూడదని అలక. ఆర్డర్లు వెయ్యకన్నాడుగా, వెయ్యలేదు.

19, మంగళవారం

బోర్డు ఇంకా ఆ కొక్కేనికే ఉంది. మిషన్ మాత్రం బాగు చేయించారు. వేళ్లు తెగాక ఒక్క పూటలో పనైపోయింది. అంతకుముందు మూడు రోజులు మనిషి దొరకలేదట.

బోర్డు తీసుకుని టీ వేళ అందరి దగ్గరికీ వెళ్లాను. "ఇందులో ఏముందో చెప్పండి" అన్నాను.

గమ్ము టేబులు పెద్దావిడ, గమ్మమ్మ అంటాం, కళ్లద్దాలు పైకి తోసి, "అవుట్ ఆర్డర్. ఏ లారీకిరా?" అంది.

పెట్టెలు మడిచే ఆయన, "ఆర్డర్ అవుట్. సరుకు వెళ్లిపోయిందని."

ఇంకొకడు, "కొత్త మిషన్‌కి ఆర్డర్ పెట్టారని. దీన్ని అవుట్ చేస్తారని." వాడు కొంచెం దగ్గరికొచ్చాడు.

లోడింగ్ మేస్త్రీ, "ఆఫ్ అంటే సగం కదా? సగం ఆర్డర్ అవుట్" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి ఆగిపోయారు.

"మరి మీరెవరూ ఆ మిషన్ ముట్టుకోలేదుగా, బోర్డు చదివే కదా?" అన్నాను.

"బోర్డు ఎవడు చదివాడు!" అంది గమ్మమ్మ. "ఆ సోమవారం టీ దగ్గర చెప్పుకున్నాం, కన్ను పోయిందని. అప్పుడు మీ బావకి ఒంట్లో బాగానే ఉంది గానీ టీకి రాలేదు. మర్నాటి నుంచీ జ్వరం. చెప్పేవాళ్లు లేకపోయారు పాపం." తర్వాత నా ముఖం చూసి కళ్లద్దాలు కిందికి లాక్కుంది. "ఇంట్లో నువ్వున్నావుగా అనుకున్నాం."

తొమ్మిదిమందిని అడిగాను. ఒక్కరికీ రాలేదు. ఆ బోర్డు చదివి ఆగినవాళ్లు షెడ్డులో ఒక్కరూ లేరు. నోటి మాట విని ఆగారు. బోర్డు తప్ప ఇంకేదీ అందనివాడు ఒక్కడే. వాడు ఆ బోర్డు చెప్పినట్టే చేశాడు.

మిషన్ స్విచ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దాని మీద ఆన్, ఆఫ్ అని ఇంగ్లీషులో అచ్చు పోసి ఉంది. ఆ ఆఫ్ గమ్మమ్మకీ వచ్చు, బావకీ వచ్చు. దానికి రెండు ఎఫ్‌లు. నా బోర్డు మీద ఒకటి. ఇంకొక్క ఎఫ్ రాసి ఉంటే బావ ఆగేవాడు. తప్పు రాసి ఉంటే ఆగేవాడు. నేను ఒప్పు రాశాను.

20, బుధవారం

పెద్దాయనకి ఉత్తరం రాశాను. ముందు బావకి చదివి వినిపించాను. అక్క గుమ్మంలో నిలబడి వింది.

బావ అన్నాడు, "మొదట్లో 'అయ్యా' అని పెట్టలేదేం?"

"పెట్టను."

"చివర్లో 'దయచేసి' కూడా లేదు."

"లేదు."

"నీ పని కూడా పోతుందిరా. టేబులు, కుర్చీ వేయిస్తామన్నారట."

"ఆ కుర్చీలో టేపునే కూర్చోమను."

బావ అక్క వైపు చూశాడు. అక్క లోపలికి వెళ్లి, ఇస్త్రీ చేసిన నా చొక్కా తెచ్చి కుర్చీ మీద వేసింది. "రేపు ఇచ్చేటప్పుడు ఇది వేసుకెళ్లు. మాసిన చొక్కాతో వెళ్తే లోపలికి రానివ్వరు" అంది. పది రోజుల్లో నాతో అన్ని మాటలు మాట్లాడడం అదే.

ఉత్తరం రెండు ప్రతులు రాశాను. ఒకటి వాళ్లకి. ఇంకోటి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, రేపు గేటు దగ్గర ఏం రాశానో మర్చిపోకుండా.

"మీ రిజిస్టర్‌లో అబద్ధం ఉంది. మా బావది నిర్లక్ష్యం కాదు. కొక్కేనికి తగిలించిన కార్డు ఏం చెబితే అది చెయ్యమని పద్నాలుగేళ్లు మీరే నేర్పారు. అదే చేశాడు. ఆ బోర్డు రాసింది నేను. మీ షెడ్డులో అవుట్ ఆర్డర్ అంటే ఏమిటో తెలిసి కూడా, నా ఇంగ్లీషు చూపించుకోవడానికి, అక్కడ పని చేసే ఒక్కరికీ రాని మాట రాశాను. ఆ తప్పు నాది, నా పేరు మీద రాయండి. కన్ను పోయిన మిషన్‌కి మూడు రోజులు కరెంటు తియ్యకుండా ఉంచింది మీ సూపర్‌వైజర్. అది ఆయన పేరు మీద రాయండి. బోర్డు ఉందని నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. బోర్డు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని హెచ్చరిక అన్నారు చూడండి, అది అబద్ధం. తొమ్మిదిమందిని అడిగి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, వాళ్ల సంతకాలతో దీనికి జత చేశాను. వేలిముద్రలు రెండు.

తొలగింపు ఆర్డర్ రద్దు చెయ్యాలి. రిజిస్టర్‌లో 'సొంత నిర్లక్ష్యం' కొట్టేసి జరిగింది రాయాలి. మా బావకి షెడ్డులో చెయ్యగలిగిన పని ఇవ్వాలి. కట్ట లెక్క చెప్పడానికి కుడిచెయ్యి కూడా పనికొస్తుందని, నేర్చుకుంటున్నానని ఆయన చెప్పమన్నాడు. ఇక మీదట ఏ మిషన్ పాడైనా ముందు ఫ్యూజు పీకాలి, తర్వాతే బోర్డు. ఆ బోర్డు మీద 'పాడైంది, ముట్టుకోవద్దు' అని ఉండాలి. దాన్ని నేను రాయను, గమ్మమ్మ చేత రాయించండి. ఆవిడకి వచ్చిన అక్షరాలే చదవగలిగినవాళ్లందరికీ వచ్చు, రానివాళ్లకి నోటితో చెప్పండి.

శుక్రవారం పొద్దున పది గంటల లోపు జవాబు రావాలి. రాకపోతే పదకొండింటికి ఈ ఉత్తరమూ, ఆ బోర్డూ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఉంటాయి. బోర్డు మా ఇంట్లో ఉంది. నోటి మాటతో కబురు పెట్టొద్దు. జవాబు కాగితం మీద, తెలుగులో రాయండి. నాకు కాదు, మా బావకి రాయండి. ఈసారి ఆయనే చదువుకుంటాడు."